క్యారియర్ మీద ఉస్తాద్

ఎక్కడ సైకిలు నిలబెట్టి కనబడినా దాని ముందు చక్రం నట్టు పట్టుకుని తిప్పి చూసే రోగం నాకుంది. మందు లేని రోగం. దీనివల్లే మా ఇంటావిడ నాతో సంతకు రావడం మానేసింది. పోయిన నెల ఆదిలాబాద్‌లో తపాలా ఆఫీసు ముందు ఒక కొత్త సైకిలు గోడకు ఆనించి ఉంది. చూడకుండా దాటిపోదామనే అనుకున్నాను. నాలుగడుగులు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, వంగి, నట్టు మీద చెయ్యి వేశానో లేదో నా మెడ మీద ఇంకో చెయ్యి పడింది.

"ఏందయ్యా, పట్టపగలే?"

రెండు చేతులూ చాచి చూపించాను, పానా గీనా ఏమీ లేదని. ఆయన నమ్మలేదు. ఉట్నూర్ సర్కారు ఆఫీసులో జీపుల మెకానిక్‌నని చెప్పాను.

"జీపుల మెకానిక్‌వైతే సైకిలుతోని నీకేం పని?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు పెద్దది. నట్టు గట్టిగానే ఉందని చెప్పి, తల వంచుకుని వచ్చేశాను. నిజంగా దొంగతనాలు చేసిన రోజుల్లో నన్ను ఒక్కరే పట్టుకున్నారు. ఆయన పోయాడని ఆ వారంలోనే కార్డు వచ్చింది.

కార్డు రాసింది ఓదెలు. నాతోపాటు ఆ సైకిలు దుకాణంలో పని నేర్చినవాడు, ఇప్పుడు ఆ దుకాణం నడిపేవాడు. "ఉస్తాద్ పోయిండు. పది దినాలాయె. నీకు ఎరుక చేయాలె గద అని రాస్తున్న." అంతే. వానలకు అడవి దారి తెగి ఆ కార్డు ఉట్నూర్ చేరేసరికి మరో వారం గడిచింది. అది చదివినప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. కూర్చోలేకపోవడం అసలు ఆయన గుణం. నాకు ఎప్పుడు అంటుకుందో తెలియదు.

ఆయన పేరు నాకు తెలుసు, రాయను. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవాడు కూడా కాదు. ఉస్తాద్ అంటేనే పలికేవాడు. సిరిసిల్ల వైపు సాలోళ్ల ఇంట్లో పుట్టాడు. తాత, తండ్రి, అన్నలు అందరూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికినవాళ్లు. ఈయనను గుంటలో దింపితే పూట గడవకముందే పైకెక్కి వీధిలో తిరుగుతుండేవాడట. "గుంటల కూసుంటె నా కాళ్లు నా మాట వినయ్‌రా. కాళ్లే నన్ను కరీంనగరం పట్టుకొచ్చినయ్" అని చెప్పేవాడు.

కరీంనగర్‌లో కమాన్ అనే పెద్ద ద్వారానికి ఇవతల ఒక రేకుల షెడ్డు ఆయన దుకాణం. అందులో ఒక ముక్కాలిపీట ఉండేది. దాని మీద ఆయన కూర్చోగా నేను చూడలేదు. అన్నం నిలబడి తినేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ రోడ్డు దాకా నడిచి, వచ్చే పోయే సైకిళ్ల చప్పుడు వినేవాడు. "గా పంతులు సైకిలు చెయిను ఏడుస్తుంది చూడు", "గీ పటేలు బ్రేకు కట్టెలు అరిగినయ్, ఎక్కడనో పడ్తడు" అని తనలో తాను గొణుక్కునేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగేవాడు కాదు. పరుగెత్తి వెళ్లి సైకిలు హ్యాండిల్ పట్టుకుని, ఎక్కడికో తొందరలో పోతున్న మనిషిని దింపి, చెయిను బిగించి పంపేవాడు. దాంతో జనం ఆయన దుకాణం ముందు కొంచెం జోరుగా తొక్కుకుని పోయేవాళ్లు.

చావు ఇంటికి పోయినా అంతే. అందరూ ఏడుస్తుంటే ఈయన పాడె చుట్టూ తిరుగుతూ తాళ్లు లాగి చూసేవాడు. ఎవరైనా కోప్పడితే, "పోయినోనికి పోయెడిది లేదు. మోసేటోళ్ల కాళ్ల మీద పడ్తె?" అనేవాడు.

దుకాణంలో ఎప్పుడూ నలుగురైదుగురు పోరగాళ్లం ఉండేవాళ్లం. ఊళ్లో ఎవరూ గడప తొక్కనివ్వని బాపతు. ఒకడు బస్టాండులో జేబులు తడిమేవాడు. ఒకడు ఇంట్లోంచి మూడుసార్లు పారిపోయాడు. ఓదెలు తండ్రి తాగి వచ్చి కొడితే ఎదురు తిరిగి కొట్టి బయటపడ్డాడు. మా బాపు బొగ్గుబాయి పనికని బెల్లంపల్లి వైపు పోయి మళ్లీ కబురు లేదు. మా అవ్వ పొద్దంతా బీడీలు చేసేది. నేను సినిమా హాలు ముందు నిలబెట్టిన సైకిళ్ల గంటలు విప్పుకుని అమ్మేవాణ్ని.

అలా విప్పుతుంటేనే ఉస్తాద్ పట్టుకున్నాడు. చెంప మీద ఒక్కటి వేశాడు. దొంగతనం చేసినందుకే అనుకుని రెండోది తప్పించుకోవడానికి వంగాను. ఆయన మాత్రం ఆ గంట మరను ఎండకు పట్టి చూస్తున్నాడు.

"పానా పెట్టి ఇప్పుతె పోయేదానికి పండ్లతోని పట్టి గుంజినవా? మరలన్ని పోయినయ్. ఇంక గీ గంట ఎవనికి పనికొస్తదిరా, నీకా, వానికా?"

నిజంగానే నేను పళ్లతో పట్టి లాగేవాణ్ని. ఎలా కనిపెట్టాడో నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని దుకాణానికి ఈడ్చుకుపోయాడు. అక్కడ నీళ్ల తొట్టి ముందు కూలేసి ఒక ట్యూబు చేతికిచ్చి, "గాలి ఎక్కడ పోతుందో పట్టు" అన్నాడు. మర్నాడు కూడా రమ్మని ఎవరూ అనలేదు. నేనే పోయాను. మా అవ్వ వచ్చి దుకాణం ముందు నిలబడి, "వీడు చేతివాటం పోరడు అయ్యా, నీ సామాను జర పైలం" అని చెప్పింది. కన్నతల్లి. "సామాను నాకెందుకవ్వా, చెయ్యి నాకు గావాలె" అన్నాడు ఉస్తాద్.

ఆయన దగ్గర పని నేర్చుకోవడంలో ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. ఏ పోరడు బాగుచేసిన సైకిలు ఆ పోరడే తొక్కాలి. దుకాణం నుంచి కమాన్ దాకా పోయి రావాలి. వెనక క్యారియర్ మీద ఉస్తాద్ కూర్చుంటాడు. ముక్కాలిపీట మీద కూర్చోని మనిషి, పోరగాళ్ల వెనక మాత్రం కాళ్లు రెండూ ఒక పక్కకు వేసుకుని పెళ్లికి పోతున్నట్టు కూర్చునేవాడు. కూర్చుని, "కండ్లు మూసుకున్న. నడువు" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. పని అడిగేటప్పుడు కూడా రెండే మాటలు. "చేసినవా? తొక్కినవా?"

కళ్లు మూసుకున్నాననేది పచ్చి అబద్ధం. మాకందరికీ తెలుసు. ఒకడు తొక్కుతుంటే మిగిలినవాళ్లం షెడ్డులోంచి చూసేవాళ్లం గదా. వెనక ఉస్తాద్ కళ్లు టెంకాయల్లా తెరుచుకుని, తొక్కేవాడి భుజం మీదుగా మెడ చాచి, ముందు చక్రం మీదే చూపు పెట్టి వచ్చేవాడు. ఒక చేత్తో సీటు గట్టిగా పట్టుకునేవాడు. మేము నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. తొక్కేవాడికి వెనక ఏం జరుగుతుందో కనబడదు. అయినా అంతకుముందు దినం వేరేవాడి వెనక చూసి ఉన్నాడు కాబట్టి వాడికీ తెలుసు. నా వెనకా అంతేనని నాకు తెలుసు. మొదట్లో అది నవ్వుగానే ఉండేది.

రెండేళ్లు గడిచాక నాకు నవ్వు రావడం మానేసింది. చక్రం వంకర తీయడంలో నన్ను మించినవాడు దుకాణంలో లేడు. పుల్లలు మీటి, చప్పుడుతోనే ఏది వదులో చెప్పేవాణ్ని. అంత పని వచ్చినవాడి వెనక కూడా కూర్చుని కాపలా కాయడం ఏమిటి? దొంగ పోరడని ఇంకా గుర్తుపెట్టుకున్నాడని నా మనసులో పడింది. పడితే ఊరుకుంటుందా. ఒకరోజు పొద్దున అడిగేశాను.

"ఉస్తాద్, రెండేండ్లాయె. ఇంక గీ ఎనక కూసునుడేంది? నా పని మీద నమ్మకం లేదా?"

ఆయన రోడ్డు మీద పోయే రిక్షా వైపు చూస్తూ, "నాకు సవారి మోజురా. నాకెవలున్నరు, మీరు దప్ప, సవారి జేపిచ్చెటోళ్లు?" అన్నాడు. ఆ జవాబుతో నా కడుపు ఇంకా మండింది.

ఆ పూటే చొప్పదండి తోవలో ఒక ఊరి బడి పంతులు వచ్చాడు. వారానికోసారి మా దగ్గర కిరాయికి సైకిలు తీసుకునేవాడు. ఆరేడేళ్ల కూతుర్ని ముందు ఇనుప డండా మీద కూర్చోబెట్టుకుని బడికి పోయేవాడు. తల్లి లేని పిల్ల అని విన్నాం. ఆయనకు ఇవ్వవలసిన సైకిలుకు ముందు చక్రం పంచరు. చక్రం విప్పి, అతుకేసి, మళ్లీ ఎక్కించింది నేనే. ఉస్తాద్ అప్పుడు రోడ్డు అవతల ఎవరి సైకిలునో ఆపి దాని హ్యాండిల్ సరిచేస్తున్నాడు. అక్కడినుంచే కేక వేశాడు.

"చేసినవా?"

"చేసిన!"

"తొక్కినవా?"

"తొక్కిన! ఓదెలును కూసుండబెట్టుకొని కమాన్ దాకా పోయొచ్చిన!"

ఓదెలు నావైపు చూశాడు. తల వంచుకుని గాలి పంపు తుడవడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ చెయ్యి ఊపాడు, ఇచ్చెయ్యమని. పంతులు బిడ్డను ఎక్కించుకుని పోయాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. రెండేళ్లలో మొదటిసారి నా పని నా మాట మీద బయటికి పోయింది.

కాసేపటికి పుట్నాల కోసం జేబులో చెయ్యి పెట్టాను. పుట్నాలతోపాటు రెండు ఇనుప బిళ్లలు చేతికి తగిలాయి. ముందు చక్రం ఇరుసుకు రెండు వైపులా నట్ల కింద వేసే వాషర్లు. వాటిని తీసి పోకుండా జేబులో వేసుకున్నది గుర్తొచ్చింది. అవి వేయకుండానే నట్లు చేత్తో తిప్పాను, పానాతో బిగించలేదు. అదీ గుర్తొచ్చింది. బిగించకముందే పంతులు వచ్చాడు. నేను ఉస్తాద్‌తో మనసులో పోట్లాడుకుంటూ ఉన్నాను.

నోట్లో ఉన్న పుట్నాలు నమిలాను. జేబులో మిగిలినవి కూడా తిన్నాను. అవి అయిపోయేదాకా నేను నోరు విప్పలేదు. ఈ ఒక్క సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా. ఆ నాలుగు పుట్నాలు తినేంతసేపు పంతులూ పిల్లా దూరం పోతూనే ఉన్నారు.

చొప్పదండి తోవలో ఒర్రె దగ్గర నీళ్లలోకి ఒక దిగుడు ఉంది. రాళ్ల దిగుడు. పైనుంచి వదిలితే సైకిలు దానంతట అదే ఉరుకుతుంది. ముందు చక్రం ఊడితే మొదట నేలకు తగిలేది డండా మీద కూర్చున్న పిల్ల తల.

ఉస్తాద్ దగ్గరికి పోయి అరచెయ్యి తెరిచి చూపించాను. ఆయన వాషర్లు చూశాడు. నా ముఖం చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. షెడ్డులోకి పోయాడు. సైకిళ్లన్నీ తలకిందులుగా, చక్రాలు ఊడి ఉన్నాయి. నిలబడి ఉన్నది ఒక్కటే. దాన్ని బయటికి లాగి, పానా నడుముకు దోపుకుని, "ఎక్కు" అన్నాడు. వెనక నేను. ముందు ఆయన. అలా కూర్చోవడం అదే మొదలు.

ఊరు దాటాక అడిగాడు.

"గీ సైకిలు ఎవలు చేసిండ్రు?"

"నేనే."

"ఎప్పుడు?"

"పొద్దుగాల."

"దీన్ని తొక్కి చూసినవా?"

"లే, ఉస్తాద్" అన్నాను.

ఆయన తొక్కడం తగ్గించలేదు. ఇంకా జోరు పెంచాడు. ఆ సైకిలుకు నేను ఏమేం బిగించానో, ఏమేం మరిచానో తలుచుకుంటూ వెనక కూర్చున్నాను. వెనక నట్టు బిగించానా? బిగించాను. హ్యాండిల్? జ్ఞాపకం లేదు. ప్రతి గుంతకూ సీటు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. క్యారియర్ మీద కూర్చోవడం అంటే ఏమిటో ఆరోజు తెలిసింది. కళ్లు మూసుకోవడం కాదు, రెప్ప వేయడం కూడా నా వల్ల కాలేదు.

దూరంగా పంతులు గొడుగు కనబడింది. గంట కొడదామని ఉస్తాద్ చెయ్యి హ్యాండిల్ మీదికి పోయింది. ఆ సైకిలుకు గంట లేదు. ఊరందరి గంటలు విప్పినవాణ్ని వెనక కూర్చోబెట్టుకుని పోతున్నాడు ఆయన. ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. గాలి ఎదురు. పంతులు వినలేదు. ఆ పిల్ల విన్నది. తండ్రి చంక కిందనుంచి వెనక్కి తొంగి చూసి, ఆయన చొక్కా పట్టి గుంజింది. సరిగ్గా దిగుడు మొదట్లో ఆయన కాలు కింద పెట్టాడు.

ఉస్తాద్ సైకిలు దిగి ముందుగా పిల్లను ఎత్తి పక్కన నిలబెట్టాడు. తర్వాత చక్రం పట్టుకుని కదిపాడు. ఒక వైపు నట్టు కొస మీద ఉంది. రెండో వైపుది రాలిపోయింది. "చెప్పు" అన్నాడు నాతో. పంతులుకు నేనే చెప్పాను, వాషర్లు వేయలేదని, బిగించలేదని, తొక్కానని అబద్ధమాడానని. పంతులు చెయ్యి లేచింది. ఉస్తాద్ మధ్యకు వచ్చాడు.

"తర్వాత కొడుదురు సారూ. ముందుగాల వాని చేత బిగిపించుండ్రి."

రాలిన నట్టు ఎక్కడ పడిందో ఎవరికి తెలుసు. మేము వచ్చిన సైకిలుది ఒకటి విప్పి దీనికి వేశాను. వాషరు రెండుసార్లు చేతిలోంచి కింద పడింది. పిల్ల ఏరి ఇచ్చింది. బిగించాక ఉస్తాద్ ఏమీ అడగలేదు. వచ్చి క్యారియర్ మీద కూర్చున్నాడు.

"దిగుడు దిగు. కండ్లు మూసుకున్న. నడువు."

దిగాను. ఒర్రెలో తడిసి, అవతలి గట్టెక్కి, తిప్పుకుని వచ్చాను. ఈ పూట కళ్లు ఎవడు మూసుకుంటాడు అనుకున్నాను. పంతులు అంతా చూశాడు. చూసి కూడా, బిడ్డ చెయ్యి ఒక చేత్తో, సైకిలు ఒక చేత్తో పట్టుకుని ఆ దిగుడు నడిచే దిగాడు. ఆయనది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మేమిద్దరం ఒక నట్టు తక్కువ సైకిలును నడిపించుకుంటూ కరీంనగర్ వచ్చాం. తోవ పొడుగునా ఆయన ఒకే మాట అన్నాడు. "గంటలెత్తుకపోయిననాడు గంటలే పోయినయ్‌రా. ఇయ్యాల?"

దుకాణంలోంచి వెళ్లగొడతాడనుకున్నాను. వెళ్లగొట్టలేదు. మర్నాడు ఒక చక్రం వంకర తీశాను. రెండుసార్లు చూసుకుని, మూడోసారి చూసుకుని, "చేసిన, ఉస్తాద్" అన్నాను. రోడ్డు వైపు చూస్తూ "ఇచ్చెయ్" అన్నాడు. తొక్కినవా అని అడగలేదు. వెనక కూర్చోలేదు. ఆ మర్నాడూ అంతే. ఓదెలు వెనక కూర్చునేవాడు, నిన్నగాక మొన్న చేరినవాడి వెనక కూర్చునేవాడు. నేను చేసినవి మాత్రం ఓదెలు చేతికిచ్చి, "జర చూసి ఇచ్చెయ్" అనేవాడు.

నేను కోరుకున్నదే దొరికింది. దొరికాక తెలిసింది అది ఎంత చేదో. వానాకాలం పోయింది, దసరా పోయింది, ఆయన నా వెనక కూర్చోలేదు. నేను దుకాణంలో కాలు కాలిన పిల్లిలా తిరిగేవాణ్ని. పని చేస్తూ చేస్తూ లేచి రోడ్డు దాకా పోయి వచ్చేవాణ్ని. రాత్రి పూట అవ్వ పక్కన పడుకుని, రేపు కూర్చుంటాడా, రేపైనా కూర్చుంటాడా అనుకునేవాణ్ని. నోరు తెరిచి అడగడానికి మాత్రం పొగరు అడ్డం వచ్చేది. చివరికి, నన్ను నమ్మని మనిషి దగ్గర ఎందుకుండాలి అని కోపం తెచ్చుకున్నాను. కోపం ఉంటే నడవడం తేలిక. తెలిసిన జీపు డ్రైవరు ఒకాయన ఉట్నూర్‌లో మెకానిక్ కింద పని ఇప్పిస్తానన్నాడు. అప్పుడప్పుడే హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రోజులు. ఎక్కడెక్కడో కొత్త ఆఫీసులు, కొత్త జీపులు.

ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు.

"ఎప్పుడు?"

"రేపు పది గంటల బస్సుకు."

"పొద్దుగాల జర దుకాన్ మీదికెల్లి పో" అన్నాడు.

పొద్దున్నే పోయేసరికి షెడ్డు ముందు గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద ఆయన సొంత సైకిలు. సైకిలు అనకూడదు. ఏ ముక్కకు ఆ ముక్క విప్పి పోసి ఉంది. పుల్లలు కట్ట కట్టి ఉన్నాయి, బేరింగు గుండ్లు కిరసనాయిలు గిన్నెలో మునిగి ఉన్నాయి. "బస్సుకు టైమున్నది. కట్టు" అన్నాడు. తాను అటు తిరిగి రోడ్డు మీద పచార్లు మొదలుపెట్టాడు. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. ఓదెలు నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందుగానే బస్టాండుకు నడిచాడు.

నేను అంతకుముందు, ఆ తర్వాత చేసిన పనుల్లో ఆ పూట చేసినంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసింది ఇంకొకటి లేదు. పుల్ల పుల్లకూ మీటి చూసుకున్నాను. ముందు చక్రం ఎక్కించి, వాషర్లు వేసి, నట్టు బిగించి, పానా ఇంకోసారి తిప్పాను.

"చేసినవా?"

"చేసిన."

ఆయన వచ్చాడు. సీటు తడిమాడు. క్యారియర్ మీద కూర్చున్నాడు.

"బస్టాండుకు నడువు. కండ్లు మూసుకున్న."

కమాన్ కిందనుంచి పోయాం. వెనక ఆయన బరువు ఉంది, మాట లేదు. నమ్మకం లేకపోయినా మర్యాదకు కూర్చున్నాడు, పోయేవాణ్ని మనసు కష్టపెట్టడం ఎందుకని, అనుకున్నాను. కళ్లు టెంకాయల్లా తెరిచి నా భుజం మీదుగా ముందు చక్రాన్ని చూస్తున్న ముఖం నా మనసులో కనబడుతూనే ఉంది. బస్టాండులో దిగి, హమాలీని పిలిచి, "గీ సైకిలు గూడ బస్సు మీదికి ఎక్కియ్" అన్నాడు. నేను వద్దన్నాను. "నువ్వు కట్టింది నాకెందుకు? నీ అడివిల నీకు పనికొస్తది" అని, బస్సు కదలకముందే గిర్రున తిరిగి నడిచి వెళ్లిపోయాడు. నిలబడి చెయ్యి ఊపడం లాంటివి ఆయన కాళ్లకు చేతకావు.

ఆ సైకిలు పదకొండేళ్లుగా నా దగ్గరే ఉంది. ఆయనను చూడడానికి ఎన్నిసార్లు పోయానని అడగకండి. రెండుసార్లు. రెండుసార్లూ ఎవరి సైకిలునో ఆపి చెయిను సరిచేస్తూ, "ఏమయ్యా జీపుల డాక్టరూ, నీ బండ్లు నడుస్తున్నయా?" అన్నాడు. నేను నవ్వి వచ్చేశాను. నన్ను నమ్మినవా లేదా అనే మాట నా నాలుక కొస మీదే ఉండిపోయింది.

కార్డు వచ్చాక పోయాను. ఖానాపూర్‌లో బస్సు చెడిపోతే, డ్రైవరు వద్దంటున్నా వినకుండా దాని కిందికి దూరి నేనే బాగుచేశాను. ఊరికే కూర్చోలేక. కరీంనగర్ చేరేసరికి సాయంత్రం. షెడ్డు అదే, ముక్కాలిపీట అదే. కొత్త పోరగాళ్లు ముగ్గురు నీళ్ల తొట్టి దగ్గర ఉన్నారు. ఓదెలుకు అప్పుడే జుట్టు నెరిసింది. చాయ్ తెప్పించాడు. ఇద్దరం నిలబడే తాగాం.

"ఆఖరుకు కాళ్లు వాచినయ్‌రా. మంచం దిగలె. మంచం తాళ్లు గుంజి గుంజి చూసెటోడు, వదులైనయ్, బిగియ్‌మని. పాడె కట్టిననాడు తాళ్లు నేను మూడు మాట్ల గుంజి చూసిన. లేకుంటె లేసి తిడ్తడు" అన్నాడు ఓదెలు. నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు అడిగాను. ఇంకెవర్ని అడగాలి ఇంక.

"ఓదెలూ, నా మీద ఆయనకు మళ్ల నమ్మకం కుదిరిందంటవా? ఒక్కనాడన్న?"

ఓదెలు గ్లాసు కింద పెట్టాడు.

"నీకు నిజంగనే ఎరుక లేదా?"

"ఏంది?"

"అందరి ఎనక కండ్లు తెరుచుకొని కూసుండెటోడు. నా ఎనక గూడ. నీ ఎనక మూసుకునెటోడురా. మొదటి ఏడు గాదు, తర్వాత. షెడ్డుల నుంచి మేమందరం చూసెటోళ్లం గద. పసిపిల్లగాడు నిద్రబోయినట్టు మూసుకొని వచ్చెటోడు."

"మరి ఎవ్వరు చెప్పలేదేంది?" అన్నాను.

"ఎందుకు చెప్తం? కడుపు మండేది. నువ్వు కమాన్ దాకా పోయొచ్చినవని అబద్దమాడిననాడు గూడ అందుకే నోరు మూసుకున్న. దొరికిపోతవని, దొరికిపోవాలని. గా పిల్ల డండ మీద ఉన్నదని అప్పుడు తోచలె." ఓదెలు పీట వైపు చూసి, "గిది చెప్దామనే కార్డు రాసిన. రాస్తుంటె చెయ్యి రాలె" అన్నాడు.

నేను కోప్పడాలి. కోపం రాలేదు. నేను తిన్న పుట్నాలు నాకు గుర్తున్నాయి. ఇంకో మాట అడగాలి, అడగడానికి భయం వేసింది.

"నేను పోయిననాడు? బస్టాండుకు తీసుకపోయిననాడు?"

"నీ పెట్టె పట్టుకొని బస్టాండు ముంగట నిలబడ్డ గద నేను. మీరు వస్తుంటె చూసిన." ఓదెలు రెండు కళ్లూ గట్టిగా మూసి చూపించాడు. "గిట్ల. దిగేదాక తెరువలె."

పదకొండేళ్లు. నా వీపు వెనకే ఉంది అది. వెనక్కి తిరిగి చూస్తే కనబడేది. సైకిలు తొక్కేవాడు వెనక్కి తిరగకూడదని నేర్పింది కూడా ఆయనే. షెడ్డులో పోరగాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

చివరి బస్సుకు టైమైంది. ఓదెలు ఒక సైకిలు బయటికి తీశాడు. "ఎక్కు, దింపి వస్త" అన్నాడు. నా చెయ్యి అలవాటుగా ముందు చక్రం నట్టు మీదికి పోయింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాను. క్యారియర్ మీద కాళ్లు ఒక పక్కకు వేసుకుని కూర్చున్నాను.

"కండ్లు మూసుకున్న. నడువు" అన్నాను.

ఓదెలు వెనక్కి తిరగలేదు. "అబద్దం" అన్నాడు, పెడలు మీద కాలు వేస్తూ.

నిజంగానే మూసుకున్నాను. షెడ్డు ముందు నిలబడ్డ పోరగాళ్లు చూసే ఉంటారు. ఓదెలుకు ఎప్పటికైనా చెబుతారో లేదో.